సర్పంచ్‌కే ఎందుకీ షరతులు?

(ఒక పట్టణ గ్రంథాలయంలో జరిగిన సభలో విశ్రాంత మండల పరిషత్ అభివృద్ధి అధికారి చేసిన ప్రసంగ పాఠం. చదవడానికి వీలుగా అక్కడక్కడ కుదించాం.)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న వార్డు సభ్యులకు, వెనక నిలబడ్డ డిగ్రీ కాలేజీ పిల్లలకు నమస్కారం. ఫ్యాన్ కింద ఖాళీ కుర్చీలున్నాయి, వచ్చి కూర్చోండి బాబూ. కరపత్రంలో నా ప్రసంగానికి "ఎన్నికల నిబంధనలు - రాష్ట్ర శాసనసభల పాత్ర" అని పేరు పెట్టారు. వింటేనే నిద్రొచ్చే పేరు. అందుకని నాకు బాగా తెలిసిన చోటు నుంచి మొదలుపెడతాను. పంచాయతీ ఎన్నికల్లో నామినేషన్ల పరిశీలన, మనం స్క్రూటినీ అంటాం కదా, ఆ గది నుంచి.

అసెంబ్లీ ఎన్నికల స్క్రూటినీకి లాయర్లు వస్తారు. పంచాయతీ స్క్రూటినీకి ఊరు వస్తుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో ముప్పై ఏళ్ల పాటు అక్కడ ఎక్కువగా వినపడిన అభ్యంతరం ఒక్కటే: "అయ్యా, ఈమెకు ముగ్గురు పిల్లలండీ, ఈ నామినేషన్ చెల్లదు." ఆధారం ఏమిటంటే రేషన్ కార్డు జిరాక్సు ఒకరు తెస్తారు, బడి అడ్మిషన్ రిజిస్టరులో పేజీ ఇంకొకరు తెస్తారు. అవతలి పక్షం మూడోవాడు మా మరిది కొడుకు, మా ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు అంటుంది. పిల్లవాడు పుట్టింది కటాఫ్ తేదీకి ముందా తర్వాతా అని ఇంకో తగువు. రిటర్నింగ్ అధికారి చేయగలిగింది అప్పటికప్పుడు చేసే క్లుప్త విచారణ. సాయంత్రానికల్లా తేల్చాలి. నచ్చనివాళ్లు తర్వాత ఎలక్షన్ ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. కేసు తేలేలోపు ఐదేళ్ల పదవి సగం గడిచిపోవచ్చు. ఈలోగా ఆ తల్లి ఎన్నిసార్లు కన్నది, ఎప్పుడు కన్నది, పిల్లల్ని ఎక్కడ దాచింది అన్న లెక్క ఊరి జనం మధ్య, మగవాళ్లు నిండిన గదిలో, గట్టిగా చదివి వినిపిస్తారు.

ఆ గదిలో కూర్చున్నప్పుడు నాకు వచ్చిన సందేహమే ఇవాళ మీ ముందు పెడుతున్నాను. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులు అన్న ఈ షరతు పెట్టింది శాసనసభ. అదే షరతు ఎమ్మెల్యేకి లేదు. ఎందుకు లేదు?

దీనికి కొంచెం రాజ్యాంగం చెప్పుకోవాలి, తొందరగా ముగిస్తాను. పార్లమెంటుకు, శాసనసభలకు జరిగే ఎన్నికల చట్టాలన్నీ దాదాపుగా పార్లమెంటు చేతిలో ఉన్నాయి. 1950, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టాలు అవే. పార్లమెంటు వదిలేసిన విషయాల్లో రాష్ట్రాలు చట్టం చేసుకోవచ్చని 328వ అధికరణం అంటుంది కానీ, పార్లమెంటు పెద్దగా ఏమీ వదల్లేదు. ఓటు హక్కు 326వ అధికరణంలో ఉంది. 1989 నుంచి 18 ఏళ్లు నిండితే ఓటు. ఇందులో రాష్ట్రం వేలు పెట్టడానికి లేదు. రాష్ట్రం చేతికి ఎన్నికల చట్టం నిజంగా దొరికింది 1993లో. 73వ రాజ్యాంగ సవరణ ఆ ఏడాది ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, మున్సిపాలిటీలకు సంబంధించిన 74వ సవరణ జూన్ 1న. పంచాయతీ ఎన్నికలకు సంబంధించిన అన్ని విషయాల్లోనూ శాసనసభ చట్టం చేయవచ్చని 243కె చెబుతుంది. ఎవరు అనర్హులో కూడా శాసనసభ చెప్పవచ్చని 243ఎఫ్ అంటుంది. ఆ ఒక్క వాక్యం మీదే ఇవాళ్టి కథంతా నడుస్తుంది.

మంచి కూడా అక్కడి నుంచే వచ్చింది, అది మరిచిపోకూడదు. మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా రిజర్వేషన్ అని రాజ్యాంగం అంటే, మన రాష్ట్రం చట్టం మార్చి సగం చేసింది. అసెంబ్లీకి 25 ఏళ్లు ఉండాలి, సర్పంచ్‌కు 21 చాలు. అంటే గ్రామంలో తలుపు వెడల్పుగా తెరిచే ఉద్దేశంతోనే రాజ్యాంగ సవరణ చేశారు. ఆ తలుపుకు గొళ్లాలు తర్వాత రాష్ట్రాలు బిగించుకున్నాయి.

ఇద్దరు పిల్లల నిబంధన ఎలా పుట్టిందో చూడండి. తొంభైల మొదట్లో జనాభా అంటే దేశమంతా టెన్షన్. జాతీయ అభివృద్ధి మండలి వేసిన జనాభా కమిటీకి అప్పటి కేరళ ముఖ్యమంత్రి కరుణాకరన్ అధ్యక్షుడు. ఇద్దరు పిల్లలకు మించి ఉన్నవాళ్లు ప్రజా పదవులకు పోటీ చేయకుండా చూడాలని ఆ కమిటీ చెప్పింది. గమనించండి, పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా అని. ఆ మాట మీదే 1992 డిసెంబరులో రాజ్యసభలో 79వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టారు. ఎంపీలకు, ఎమ్మెల్యేలకు కూడా ఇద్దరు పిల్లల షరతు అందులో ఉంది. ఆ బిల్లు ఏమైంది? ఏమీ కాలేదు. ప్రభుత్వాలు మారాయి, సభలు మారాయి, బిల్లు మాత్రం గట్టెక్కలేదు.

గట్టెక్కింది కింది మెట్టు మీద పెట్టిన షరతు. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 19వ సెక్షన్, మూడో సబ్ సెక్షన్. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పోటీకి అనర్హులు. పదవిలో ఉండగా మూడో బిడ్డ పుడితే పదవికీ అనర్హులు. చట్టం 1994 మే నెలాఖరులో అమల్లోకి వచ్చింది, ఒక ఏడాది గడువు ఇచ్చారు. అందుకే 1995 మే నెలాఖరు అన్న తేదీ మన ఊళ్లలో అందరి నోటా ఉండేది. అంతకు ముందే ముగ్గురు, నలుగురు ఉన్నవాళ్లకు మినహాయింపు, ఇంకొకరు పుట్టకపోతే చాలు. మొదటి ఎన్నికల్లో ఈ షరతు పెద్దగా ఎవరికీ తగల్లేదు. వయసైనవాళ్లందరూ పాత లెక్కలోకి వెళ్లారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మినహాయింపు ఉన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు, పోటీకి వచ్చే పడుచువాళ్లంతా నిబంధన కిందికి వచ్చారు. యువత రావాలి, మహిళలు రావాలి అని ఒక చేత్తో రిజర్వేషన్ ఇచ్చి, పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్ల మీదే రెండో చేత్తో ఈ షరతు పెట్టామన్నమాట.

అక్కడ ఒక తమాషా కూడా జరిగేది. మామూలుగా మన ఊళ్లలో భర్తకు కుదరకపోతే భార్య చేత నామినేషన్ వేయిస్తారు. ఈ నిబంధన దగ్గర ఆ పప్పులు ఉడకవు, ఇద్దరికీ పిల్లల సంఖ్య ఒకటే కదా! అందుకని తల్లిని తెచ్చేవాళ్లు, కొత్త కోడలిని తెచ్చేవాళ్లు. ఆ కోడలు గెలిచి ప్రమాణ స్వీకారం చేసేది. కుర్చీలో మాత్రం మామగారు కూర్చునేవారు.

హర్యానా కూడా పెట్టుకున్న ఇదే షరతు మీద జావేద్ వర్సెస్ హర్యానా అనే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2003 జూలై 30న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. చట్టం చెల్లుతుందన్నారు. పోటీ చేయడం ప్రాథమిక హక్కు కాదు, చట్టం ఇచ్చిన హక్కు, ఇచ్చిన చట్టమే షరతు పెట్టవచ్చు అన్నారు. మరి ఎంపీలకు, ఎమ్మెల్యేలకు లేదే అంటే, సంస్కరణ కింది స్థాయి నుంచి మెట్టు మెట్టుగా మొదలుపెట్టవచ్చు, తప్పు లేదు అన్నారు. బిడ్డల్ని కనే నిర్ణయం మన ఇళ్లల్లో ఆడవాళ్ల చేతిలో ఉంటుందా అన్న ప్రశ్న కూడా వాదనలో వచ్చింది. వద్దనుకుంటే మూడో బిడ్డను కనక తప్పని నిస్సహాయులుగా ఇప్పటి మహిళలు లేరు అన్న అర్థంలో కోర్టు జవాబిచ్చింది. కోర్టు మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను, ఆ వాక్యం రాసినవారు ఒక్క పూట మా స్క్రూటినీ గదిలో కూర్చుని ఉంటే బాగుండేది. ఇద్దరూ ఆడపిల్లలే పుట్టిన ఇంట్లో మూడో కాన్పు గురించి ఎవరు నిర్ణయిస్తారో ఈ హాల్లో ఉన్న అమ్మలందరికీ తెలుసు. మెట్టు మెట్టుగా అన్నారు కదా, మొదటి మెట్టు ఎక్కాక రెండో మెట్టు ఎవరూ ఎక్కలేదు. చెప్పేవి శ్రీరంగ నీతులు అన్న సామెతలో మొదటి సగం చాలు, రెండో సగం సభలో అనకూడదు.

ఊళ్లలో నిజంగా ఏం జరిగిందో చూసినవాళ్లు కూడా ఉన్నారు. మధ్యప్రదేశ్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన నిర్మలా బుచ్ ఐదు రాష్ట్రాలు తిరిగి ఈ నిబంధన మీద అధ్యయనం చేశారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పదవి కోసం భార్యల్ని వదిలేసినవాళ్లు, మూడో బిడ్డను చుట్టాలకు దత్తత ఇచ్చినట్టు చూపినవాళ్లు, పుట్టుకను నమోదు చేయించనివాళ్లు, కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలిసి తీయించుకున్నవాళ్లు, అన్నీ ఆమెకు కనిపించాయి. దెబ్బ ఎక్కువగా తగిలింది మహిళలకు, దళితులకు, గిరిజనులకు, పేదవాళ్లకు. సుప్రీంకోర్టులో కేసు గెలిచిన హర్యానా కూడా మూడేళ్లకు, 2006లో, ఈ నిబంధన ఎత్తేసింది.

అయితే హర్యానా అంతటితో ఆగలేదు. 2015 సెప్టెంబరులో ఇంకో సవరణ చేసింది. సర్పంచ్ కావాలంటే పదో తరగతి పాసై ఉండాలి. మహిళలకు, దళితులకు ఎనిమిది చాలు. దళిత మహిళ వార్డు సభ్యురాలు కావాలంటే ఐదు. ఇంట్లో వాడకంలో ఉన్న మరుగుదొడ్డి ఉండాలి. సహకార బ్యాంకు అప్పు బకాయి ఉండకూడదు, కరెంటు బిల్లు బకాయి ఉండకూడదు. పదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరంలో కోర్టు అభియోగాలు ఖరారు చేసి ఉండకూడదు. ఈ చివరి దాన్ని కాస్త పట్టుకోండి. ఎమ్మెల్యేకి అయితే శిక్ష పడితేనే అనర్హత, అదీ చాలా నేరాల్లో రెండేళ్లు అంతకు మించి పడితే. సర్పంచ్‌కి కేసు అభియోగాల దశలో ఉంటేనే చాలు! ఎమ్మెల్యేకి చదువు షరతు లేదు, మరుగుదొడ్డి షరతు లేదు. నేను ఉండాలని అనడం లేదు. 173వ అధికరణం రాసినవాళ్లు చదువు షరతు పెట్టకుండా వదిలేశారంటే, దానికి వాళ్ల కారణాలు వాళ్లకు ఉన్నాయి. దేశంలో అప్పుడు చదువుకున్నవాళ్లే తక్కువ. చదువు చెప్పించలేకపోయిన రాజ్యం, చదువు లేదని పౌరుణ్ని శిక్షిస్తే ఎలా?

హర్యానా కంటే ముందు ఈ దారి తొక్కింది రాజస్థాన్. 2014 డిసెంబరులో, పంచాయతీ ఎన్నికలు గుమ్మంలో ఉండగా, ఆర్డినెన్స్ తెచ్చారు. సర్పంచ్‌కు ఎనిమిదో తరగతి, గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఐదు, పంచాయతీ సమితికి, జిల్లా పరిషత్‌కు పది. సభలో చర్చ లేదు. నామినేషన్లు వేయాల్సిన వాళ్లు టీసీల కోసం బడుల వెంట పరుగెత్తారు. తర్వాత ప్రభుత్వం మారింది, 2019లో ఆ షరతు తీసేశారు. మధ్యలో ఒక ఐదేళ్ల పాటు చదువు రాని సర్పంచ్ రాజస్థాన్‌లో ఉండడానికి వీల్లేదు, చదువు రాని మంత్రి ఉండవచ్చు.

హర్యానా చట్టం మీద రాజ్‌బాల తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2015 డిసెంబరు 10న తీర్పు. ధర్మాసనంలో జస్టిస్ చలమేశ్వర్ మన కృష్ణా జిల్లా వారు. ఓటు వేయడం, పోటీ చేయడం రెండూ రాజ్యాంగపరమైన హక్కులే అని జావేద్ తీర్పు కంటే ఒక అడుగు ముందుకు వేశారు. నేను చదివినప్పుడు ఆహా అనుకున్నాను. నాలుగు పేజీలు తిప్పితే, ఆ హక్కులకు చట్టంతో హద్దులు పెట్టవచ్చు, ఈ హద్దులు సబబే అని ఉంది. మంచికీ చెడుకూ తేడా తెలుసుకునే శక్తిని మనిషికి ఇచ్చేది చదువు ఒక్కటే అన్నారు. మరుగుదొడ్డి గురించి అయితే, ప్రభుత్వం డబ్బు ఇస్తోంది కాబట్టి కట్టుకోకపోవడానికి కారణం పేదరికం కాదు, మనసు లేకపోవడమే అన్నారు. మండలంలో మరుగుదొడ్ల బిల్లులు పాస్ చేసిన చేతులు నావి. ముందు సొంత డబ్బు పెట్టి కట్టుకుంటే, ఫొటో దిగితే, తర్వాత బిల్లు వస్తుంది. ముందు పెట్టడానికి డబ్బు ఎక్కడిది? స్థలం లేని ఇంటివాడు ఎక్కడ కడతాడు? ఈ రెండు ప్రశ్నలు ఆ తీర్పుకు తట్టలేదు.

కోర్టుల్ని ఎక్కువ అనను. ఒడిశాలో కుష్ఠు వ్యాధి ఉన్నవాళ్లు మున్సిపల్ పదవికి అనర్హులన్న పాత నిబంధన 2008లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మందులతో నయమయ్యే జబ్బు అని అందరికీ తెలిసిన కాలం అది. అయినా నిబంధన నిలిచింది. ఆలోచించాల్సింది శాసనసభే అని కోర్టు వదిలేసింది. అంటే ఇలాంటి షరతులు పెట్టేటప్పుడు కోర్టు అడ్డుకుంటుందిలే అని మనం ధీమాగా ఉండడానికి లేదు. పెట్టినా, తీసినా మనం ఎన్నుకున్న సభే చేయాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోన్లో అక్కడి ఎన్నికల గొడవలు చెబుతుంటారు, మీరూ వింటూ ఉంటారు. అక్కడ లెక్క తలకిందులు. జాతీయ స్థాయి ఎన్నికలకు కూడా నిబంధనలు చాలావరకు రాష్ట్రాలే రాస్తాయి. జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా శివార్లలో మనవాళ్లు బోలెడు మంది ఉన్నారు కదా, అక్కడ రెండు పెద్ద పార్టీలు కాకుండా చిన్న పార్టీ మనిషి అమెరికా ప్రతినిధుల సభకు నిలబడాలంటే నియోజకవర్గంలో నమోదైన ఓటర్లలో 5 శాతం మంది సంతకాలు తేవాలి. 1943 నాటి చట్టం అది. సంతకాలు తెచ్చి బ్యాలెట్ ఎక్కిన చిన్న పార్టీ అభ్యర్థి ఇంతవరకు ఒక్కడూ లేడు. అయినా ఒక విషయంలో వాళ్ల కోర్టు గట్టిగా నిలబడింది. ఆర్కాన్సా రాష్ట్రం 1992లో, మూడుసార్లు గెలిచినవాడి పేరు ప్రతినిధుల సభ బ్యాలెట్ మీద ఉండకూడదు అని రాసుకుంది. రాజ్యాంగంలో లేని అర్హతల్ని రాష్ట్రాలు కొత్తగా చేర్చడానికి వీల్లేదని 1995లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది, ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. ఎవరిని పంపాలో ఓటరు చూసుకుంటాడు అన్నది ఆ తీర్పు సారం. నాకు కావలసిన మాట అదే. సర్పంచ్‌గా చదువు రాని మనిషి వద్దనుకుంటే ఊరు ఓటు వేయదు. నలుగురు పిల్లల తల్లి పనికిరాదనుకుంటే ఓటు వేయదు. ఆ మాట అనే హక్కు ఊరిది. అభ్యర్థిని గుమ్మం దగ్గరే ఆపేస్తే నష్టపోయేది ఆ అభ్యర్థి ఒక్కడే కాదు, అతనికి ఓటు వేద్దామనుకున్న వాళ్లందరూ.

గుజరాత్ ఇంకో రకం ప్రయోగం చేసింది. స్థానిక ఎన్నికల్లో ఓటు వేయకపోతే శిక్ష. 2009లో బిల్లు పాసైంది, గవర్నర్ కమలా బేనీవాల్ సంతకం పెట్టలేదు. 2014లో కొత్త గవర్నర్ పెట్టారు. 2015లో నిబంధనలు వచ్చాయి, వంద రూపాయల జరిమానా. ఆ ఆగస్టులో హైకోర్టు స్టే ఇచ్చింది. వంద రూపాయలు తీసేయండి, ఊరు వదిలి ఇటుక బట్టీకి వెళ్లిన కూలీ నోటీసుకు జవాబు ఇవ్వడానికి ఎన్ని రోజుల కూలి పోగొట్టుకోవాలి?

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఓటు హక్కులో రాష్ట్రం వేలు పెట్టలేదు అన్నాను. చట్టంలో పెట్టలేదు, ఆచరణలో తేడా వస్తుంది. 2021 ఫిబ్రవరిలో మన పంచాయతీ ఎన్నికలు నాలుగు విడతలుగా జరిగాయి. ఆ ఏడాది ఓటర్ల జాబితా సిద్ధం కాలేదని 2019 జాబితాతోనే నడిపించారు. 2019 జనవరి తర్వాత 18 నిండిన పిల్లలకు ఓటు లేదు. అలాంటివాళ్లు సుమారు 3.6 లక్షల మంది ఉన్నారని గుంటూరుకు చెందిన ఒక విద్యార్థిని హైకోర్టుకు వెళ్లింది. పిటిషన్ కొట్టేశారు, ఎన్నికలు జరిగిపోయాయి. జాబితా ఎందుకు సిద్ధం కాలేదంటే పంచాయతీ ఎన్నికలు నడిపే రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రభుత్వాన్ని అంది, ప్రభుత్వం ఎన్నికల సంఘాన్ని అంది. అసలు ఆ రెండేళ్లు వాళ్ల గొడవే వేరు. 2020 మార్చిలో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ కోవిడ్ కారణంగా ఎన్నికలు వాయిదా వేశారు. ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది, ఉన్న కమిషనర్ ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. ఏ పార్టీని అనడానికీ ఇది చెప్పడం లేదు. ఆట మధ్యలో అంపైర్ కాంట్రాక్టు మార్చే అధికారం ఆడేవాళ్లకు ఉంటే ఎవరైనా వాడుకుంటారు.

ఏకగ్రీవాల సంగతి చెప్పకపోతే వార్డు సభ్యులు నన్ను ఊరుకోనివ్వరు. అదే ఎన్నికలప్పుడు ప్రోత్సాహకాలు ప్రకటించారు. రెండు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీ ఏకగ్రీవం అయితే 5 లక్షలు, ఐదు వేల లోపు అయితే 10, పది వేల లోపు 15, ఆ పైన 20 లక్షలు. ఊరు కలిసి ఒక మంచి మనిషిని ఎన్నుకుంటే సంతోషమే. నేను చూసిన ఏకగ్రీవాల్లో అలాంటివి ఉన్నాయి. ఎక్కువ చోట్ల మాత్రం రచ్చబండ దగ్గర నలుగురు పెద్దలు కూర్చుంటారు, గుడికి ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్లకు సర్పంచ్. వేలం అన్నమాట. రిజర్వుడు స్థానమైతే పెద్దల పొలంలో పనిచేసే మనిషి పేరు చెబుతారు. ఇంకెవరైనా నామినేషన్ వేస్తే "ఊరికి వచ్చే డబ్బు నీవల్ల పోతోంది" అని ఊరంతా ఒక్కటవుతుంది. మిగతా షరతులు చట్టంలో రాసి ఉన్నాయి, ఈ షరతు జీవోలో బహుమతి రూపంలో వస్తుంది. ఫలితం ఒకటే, ఊళ్లో బ్యాలెట్ పెట్టె తెరవక్కర్లేదు.

ఇద్దరు పిల్లల నిబంధన చివరికి ఏమైందో చెప్పి ముగిస్తాను. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక మహిళకు సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 సర్వేకు అది 1.7కి పడిపోయింది. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. షరతు వల్ల తగ్గిందా అంటే, ఆ షరతు ఎప్పుడూ లేని తమిళనాడు, కేరళల్లో కూడా తగ్గింది. చదువు, పెళ్లి వయసు, ఆసుపత్రులు, ఖర్చులు, ఇవీ కారణాలు. దక్షిణాది రాష్ట్రాలకు ఇప్పుడు వేరే భయం పట్టుకుంది, జనాభా తగ్గితే లోక్‌సభ సీట్లు తగ్గుతాయేమో అని. దాంతో 2024 నవంబరులో మన అసెంబ్లీ పంచాయతీరాజ్, మున్సిపల్ చట్టాలు రెండింటిలోనూ ఈ నిబంధన తీసేసింది. తెలంగాణ 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం రాసుకున్నప్పుడు కూడా నిబంధనను ఉంచుకుంది. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల ముందు ఆర్డినెన్స్‌తో ఎత్తేసింది.

తీసేసినందుకు సంతోషించాను. కానీ తీసేసిన కారణం చూడండి. ముప్పై ఏళ్లు మనం ఒక తప్పు చేశాం, పేద ఆడవాళ్లను పోటీకి దూరం పెట్టాం అని ఎవరూ అనలేదు. జనాభా ఎక్కువైందని పెట్టారు, తక్కువైందని తీశారు. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి ఇంకో మాట కూడా అన్నారు, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లే స్థానిక ఎన్నికల్లో పోటీకి అర్హులయ్యేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందని. అలాంటి చట్టమే వస్తే స్క్రూటినీ గదిలో అభ్యంతరం తిరగబడుతుంది: "అయ్యా, ఈమెకు ఇద్దరే పిల్లలండీ." పిల్లలు పుట్టనివాళ్లు, పెళ్లి చేసుకోనివాళ్లు ఏమవుతారు? పాతికేళ్లకే సర్పంచ్ కావాలనుకునే పిల్ల ఏమవుతుంది? జనాభాను పెంచాలన్నా తగ్గించాలన్నా ప్రసూతి ఆసుపత్రి ఉంది, బడి ఉంది, బాలింతకు సెలవు ఉంది. నామినేషన్ పత్రం ఆ పనికి పుట్టలేదు. ఏ షరతు తెచ్చినా ముందు శాసనసభ్యులకూ వర్తింపజేయమని పార్లమెంటుకు తీర్మానం పంపండి, పాసయ్యాక సర్పంచ్ దగ్గరకు రండి. 1992 బిల్లుకు పట్టిన గతే దీనికీ పడుతుందని నా నమ్మకం.

రెండు చీటీలు వచ్చాయి. మొదటిది, "మూడో బిడ్డను దత్తత ఇస్తే అర్హత వస్తుందా?" మన రాష్ట్రంలో ఇక ఆ అవసరం లేదమ్మా. మహారాష్ట్ర లాంటి చోట్ల చుట్టాలున్నవాళ్లు అడిగి ఉంటారు. రాదు. ఒడిశాలో ఒక సర్పంచ్ అలాగే వాదిస్తే, కన్న పిల్లల సంఖ్యే లెక్క, దత్తత ఇచ్చినా మారదు అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండోది వెనక నిలబడ్డ పిల్లల దగ్గర నుంచి. "సర్, నాకు 21 ఎప్పటికి నిండాలి?" నామినేషన్ పరిశీలన నాటికి నిండాలి. ఆ ఊరి ఓటర్ల జాబితాలో నీ పేరుండాలి, కాబట్టి ఇంటికెళ్లి ముందు అది చూసుకో. పంచాయతీకి ఇంటి పన్ను బకాయి ఉంటే కట్టి రసీదు దగ్గర పెట్టుకో, చివరి రోజు కార్యదర్శి దొరకడు. ఏ వార్డు అన్నావు నాన్నా?